ట్యూనిస్ కబుర్లు, అమ్మార్ కత్తెర



2010 మే 22. ట్యునీషియా రాజధాని ట్యూనిస్‌లో హబీబ్ బుర్గీబా అవెన్యూ అని పెద్ద వీధి. నడిమధ్యన చెట్ల నీడలో నడకదారి, ఇరుపక్కలా కాఫీ హోటళ్లు, బయట వేసిన బల్లలు, కుర్చీలు. ఆ రోజు కొందరు కుర్రవాళ్లు, అమ్మాయిలు ఒక్కొక్కరే వచ్చి ఆ కుర్చీల్లో కూర్చున్నారు. అందరూ తెల్ల చొక్కాలే వేసుకున్నారు. కాఫీ తెప్పించుకుని తాగారు, కబుర్లు చెప్పుకున్నారు. నినాదం లేదు, జెండా లేదు, చేతిలో అట్టముక్కయినా లేదు. అయినా వాళ్లెందుకు వచ్చారో పోలీసులకు తెలుసు. అది ఇంటర్నెట్ సెన్సారు మీద నిరసన.

నిజానికి వాళ్లు అనుకున్నది వేరు. చట్టప్రకారం అనుమతి తీసుకుని బాహాటంగా ప్రదర్శన చేద్దామనుకున్నారు. దరఖాస్తు పట్టుకుని ఏ ఆఫీసుకు వెళ్తే ఎవరేమన్నారో, అక్కడి నుంచి ఎక్కడికి పొమ్మన్నారో వీడియోల్లో జనానికి చెబుతూ వచ్చారు. సరిగ్గా ముందురోజు నిర్వాహకులు స్లిమ్ అమామూ, యాసీన్ అయారీలను పోలీసులు పట్టుకెళ్లారు. ప్రదర్శన రద్దయిందని వాళ్ల నోటితోనే చెప్పించారు. ఇక మిగిలినవాళ్లకు కాఫీ ఒక్కటే దారి అయింది.

ఎనిమిది నెలలు తిరగకుండానే అదే వీధి వేలాదిమందితో నిండిపోయింది. 23 ఏళ్లు ఏలిన బెన్ అలీ దేశం విడిచి పారిపోయాడు. అది 2011 జనవరి 14. ఆ రోజు గురించి మన పత్రికల్లోనూ బోలెడంత వచ్చింది. నేను ఇవాళ చెప్పదలచుకున్నది అంతకుముందు పదేళ్ల గురించి. ఆ పదేళ్లలో మామూలు మనుషులు, ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, బడిలో పాఠాలు చెప్పేవాళ్లు, రాత్రి భోజనాలయ్యాక కంప్యూటరు ముందు కూర్చుని తమ వీధి గురించి, తమ తిండి గురించి, తమ విసుగు గురించి రాసుకున్నారు. ఒకరి ముఖం ఒకరు చూడకుండానే ఇరుగుపొరుగయ్యారు. ఆ ఇరుగుపొరుగుతనం ముందు పుట్టింది, ఉద్యమం దాని వెనక వచ్చింది. ఈ వరస తారుమారు చేసి చెప్పినప్పుడల్లా ట్యునీషియా కథలో సగం ఎగిరిపోతుందని నా నమ్మకం.

ఆ దేశంలో మామూలు రోజు ఎలా ఉంటుందో ముందు చెప్పాలి. ట్యునీషియా విస్తీర్ణం సుమారు లక్షా 63 వేల చదరపు కిలోమీటర్లు. అంటే ఇప్పటి ఆంధ్రప్రదేశ్ ఎంతో అంతే. జనం మాత్రం ఒక కోటీ 20 లక్షలు. ఉత్తరాన, తూర్పున మధ్యధరా సముద్రం, దక్షిణాన ఎడారి. తీరం వెంట ట్యూనిస్, సూస్, స్ఫాక్స్ వంటి నగరాలు, పర్యాటకుల హోటళ్లు, ఫ్యాక్టరీలు. లోపలికి పోతే కస్రీన్, సిది బూజిద్, గఫ్సా. అక్కడ డిగ్రీలు చేతబట్టుకుని పనికోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే పిల్లలు ఇంటింటా ఉంటారు.

చలికాలం పొద్దున్నే సామాన్యుడి కడుపు నింపేది లబ్లాబీ. ఉడికించిన శనగల పులుసు అది. హోటల్లో ముందు ఖాళీ గిన్నె, నిన్నటి ఎండిన రొట్టె చేతికిస్తారు. రొట్టెను మనమే ముక్కలుగా తుంచుకుని గిన్నెలో వేసుకోవాలి. దాని మీద వేడివేడి శనగలు, పులుసు, జీలకర్ర పొడి, ఎండుమిరపకాయల ముద్ద హరీసా, ఆలివ్ నూనె, నిమ్మరసం. జేబులో ఇంకొంచెం డబ్బులుంటే పైన గుడ్డు. రొట్టె పారేయడం అక్కడ తప్పు కింద లెక్క. మిగిలిపోయిన రొట్టె మర్నాడు ఇలా పనికొస్తుంది.

ఆ రొట్టెకు ఒక చరిత్ర ఉంది. 1983 డిసెంబరు చివర్లో ప్రభుత్వం రాయితీ తగ్గించేసరికి రొట్టె ధర ఒక్కసారిగా రెండింతలైంది. దేశం భగ్గుమంది. కాల్పుల్లో పదుల సంఖ్యలో జనం చనిపోయారు. 1984 జనవరి 6న అధ్యక్షుడు బుర్గీబా టీవీలోకి వచ్చి పాత ధరే ఉంటుందని చెప్పాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఏ ప్రభుత్వానికైనా రొట్టె ధర ముట్టుకోవాలంటే భయమే. దినారుకు వెయ్యి మిల్లీములు. పొడుగు రొట్టె బగెత్ ధర చాలా ఏళ్లుగా 190 మిల్లీముల దగ్గరే ఉంది. అందుకే ట్యునీషియాలో ఎవరైనా తమ వీధి బేకరీ గురించి నాలుగు ముక్కలు రాస్తే అది తిండి కబురూ అవుతుంది, రాజకీయమూ అవుతుంది. రాసినవాళ్లకు ఆ ఉద్దేశం లేకపోయినా సరే.

ఊరి నుంచి ఊరికి పోవడానికి లువాజ్ ఎక్కుతారు. తెల్లటి వ్యాను, పక్కన రంగు గీత. ఎర్ర గీత ఉంటే దూరపు ఊళ్లకు, నీలం అయితే జిల్లా లోపలికి, పసుపు పల్లెలకు. టైమంటూ లేదు. ఎనిమిదిమంది నిండాలి, అప్పుడే కదులుతుంది. ఎనిమిదో మనిషి కోసం ఎదురుచూస్తూ గంట గడిచేలోపు పక్క సీటు మనిషి కొడుకు ఉద్యోగం సంగతి, కూతురి పెళ్లి సంగతి, ఆ ఊళ్లో నీళ్లు రాని సంగతి అన్నీ తెలిసిపోతాయి. పేపర్లో రాని వార్తలు ఆ వ్యానుల్లో తిరిగాయి. టీవీలో మాత్రం అధ్యక్షుడే. బెన్ అలీ గద్దెనెక్కింది 1987 నవంబరు 7న. ఆ 7 అంకె వీధుల పేర్లలో, కూడళ్లలో ఎక్కడ చూసినా ఉండేది. ప్రభుత్వ టీవీ చానల్ పేరే ట్యూనిస్ 7. ఆయనకు ఇష్టమని జెండాలకూ తోరణాలకూ ఊదారంగు.

ఇక కాఫీ హోటళ్ల సంగతి. చిన్న గ్లాసులో చిక్కటి కాఫీ మీద కాసిని పాలు పోస్తే కపుసాన్, పాలు ఎక్కువైతే డైరెక్ట్. ఒక్క కాఫీ పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నా ఎవరూ లెమ్మనరు. పనిలేని కుర్రవాళ్లకు అదే కొలువు. పేకాట, ఫుట్‌బాలు, హుక్కా. కానీ పేటలో ఉండే ఆ హోటళ్లు చాలావరకు మగవాళ్లవి. ఆడపిల్ల ఒంటరిగా వెళ్లి కూర్చుంటే తలలన్నీ అటే తిరుగుతాయి. 1956లోనే బహుభార్యత్వాన్ని నిషేధించిన దేశం అది. అయినా వీధి చివరి కుర్చీ మీద హక్కు ఆడవాళ్లకు అంత తేలిగ్గా దక్కలేదు. నా దృష్టిలో ఇంటర్నెట్ అక్కడ చేసిన మొదటి మేలు ఇదే. మగవాళ్ల మధ్యే సాగే కబుర్లలోకి ఆడపిల్లలూ సరిసమానంగా వచ్చి కూర్చోగలిగారు. ట్యునీషియా రాతల్లో ఆడవాళ్ల పేర్లు అంత గట్టిగా వినిపించడం ఊరికే జరగలేదు.

భాష సంగతి కూడా చెప్పాలి. అక్కడ పేపర్లోనూ ప్రసంగాల్లోనూ గ్రాంథిక అరబ్బీ, ఆఫీసుల్లో ఫ్రెంచి. ఇంట్లో, వీధిలో, దెబ్బలాటలో, ప్రేమలో దారిజా. అమ్మ మాట్లాడే భాష దారిజా అయినా దాన్ని కాగితం మీద పెట్టేవాళ్లు అరుదు. ఇంటర్నెట్‌లో కుర్రకారు దాన్నే రాశారు. మనం తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినట్టే వాళ్లూ దారిజాను లాటిన్ అక్షరాల్లో కొట్టారు. అందులో దొరకని ధ్వనులకు అంకెలు వాడారు. గొంతు లోపలి నుంచి వచ్చే ఒక అక్షరానికి 3, ఇంకోదానికి 7, మరోదానికి 9. అరబ్బీ అక్షరాల ఆకారానికి ఆ అంకెలు దగ్గరగా ఉంటాయి. ఫ్రెంచి వాక్యంలో దారిజా సామెత, మధ్యలో అంకెలు, చివర ఒక తిట్టు. టీవీ భాషలో ఒదగని మనసు ఈ రాతలో ఒదిగింది. చదివినవాడికి ఎవరో నాయకుడు మాట్లాడుతున్నట్టు ఉండదు, పక్కింటివాడు గోడ మీదుగా పలకరించినట్టు ఉంటుంది.

ఇంటర్నెట్‌ను 1991లోనే తెచ్చుకుని అరబ్ దేశాలన్నిటికంటే ముందు నిలిచింది ట్యునీషియా. 1990ల చివర్లో పబ్లినెట్ పేరుతో వీధి వీధికీ ఇంటర్నెట్ కేంద్రాలు వెలిశాయి. అవి ప్రైవేటువాళ్లు నడిపేవే కానీ లైసెన్సు ప్రభుత్వానిది. వచ్చినవాడు తెర మీద ఏం చూశాడో దానికి కొట్టు యజమాని పూచీపడాలి. కాబట్టి యజమాని కుర్చీ వెనకాల తిరుగుతూనే ఉంటాడు. 2001లో జుహైర్ యహ్యావి అనే యువకుడు ఎత్తూన్సీ, అంటే ట్యునీషియావాడు, అనే మారుపేరుతో ట్యూనెజీన్ అని ఒక పత్రిక నెట్‌లో మొదలుపెట్టాడు. మన దేశం గణతంత్రమా, రాజ్యమా, జూపార్కా, జైలా అని పాఠకులను ఓటడిగాడు. న్యాయవ్యవస్థకు స్వేచ్ఛ లేదంటూ న్యాయమూర్తి అయిన తన దగ్గరి బంధువు అధ్యక్షుడికి రాసిన బహిరంగ లేఖను అందరికీ అందేలా చేశాడు. 2002 జూన్ 4న ట్యూనిస్‌లోని ఒక ఇంటర్నెట్ కేంద్రంలోనే అతన్ని పట్టుకున్నారు. అబద్ధపు వార్తలు వ్యాపింపజేశాడని నేరం. రెండేళ్ల శిక్ష. జైల్లో నిరాహారదీక్షలు చేశాడు. 2003 నవంబరులో బయటికి వచ్చాడు. 2005 మార్చి 13న గుండె ఆగి చనిపోయాడు. అప్పటికి 37 ఏళ్లు. ఈ పేరు మన దగ్గర ఎవరికీ పెద్దగా తెలియదు, అది నాకు బాధగా ఉంటుంది. విప్లవం తరువాత మార్చి 13ను ఆ దేశం ఇంటర్నెట్ స్వేచ్ఛా దినంగా ప్రకటించుకుంది.

అణచివేత ఎంత గట్టిదో దాన్ని ఎదుర్కొన్న తీరు అంత ఇంటిమనుషులది. ప్రభుత్వం ఏ పేజీనైనా మూసేస్తే, నిషేధించామని ఒప్పుకునేది కాదు. తెర మీద 404, పేజీ దొరకలేదు అని వచ్చేది. పేజీ ఉంది, దాన్ని తెరవనివ్వడం లేదు, అయినా లేదనే చెబుతుంది యంత్రం. ఆ కనపడని మనిషికి జనం ఒక పేరు పెట్టుకున్నారు: అమ్మార్. అమ్మార్ 404. చేతిలో కత్తెర పట్టుకుని తిరిగే మనిషిగా ఊహించుకున్నారు. అమ్మార్ ఇవాళ ఏది కత్తిరించాడు, అమ్మార్‌కు నిద్ర పట్టలేదా అని ఒకరినొకరు అడిగేవారు. మంత్రి, శాఖ, చట్టం, సాఫ్ట్‌వేర్ అంటే భయమేస్తుంది. అమ్మార్ అంటే నవ్వొస్తుంది. ఆ నవ్వులో కలిసిన వాళ్లందరికీ తాము ఒక జట్టని తెలిసిపోయింది. ఆ మే నెల నిరసన కూడా అమ్మార్ పేరు మీదే జరిగింది.

ఈ జట్టులో ఎన్ని తెలివితేటలు ఉండేవో చెప్పాలంటే ఒక్క ఉదాహరణ చాలు. ప్రపంచంలో చాలామందికి విమానాల ఫోటోలు తీసి నెట్‌లో పెట్టడం ఒక సరదా. 2007లో ఒక ట్యునీషియావాసి ఆ ఫోటోలన్నీ వెతికాడు. యూరప్ విమానాశ్రయాల్లో తమ అధ్యక్షుడి విమానం ఏయే తేదీల్లో దిగిందో ఏరాడు. అధ్యక్షుడు అధికారికంగా విదేశాలకు వెళ్లిన తేదీలతో పోల్చాడు. రెండూ కలవలేదు. మరి ఆ విమానంలో ఎవరు తిరుగుతున్నట్టు? ఆ వీడియోను దేశం విడిచిన ట్యునీషియన్లు 2004లో మొదలుపెట్టిన నవాత్ అనే వెబ్‌సైటు జనం ముందుకు తెచ్చింది. 2007లోనే దేశంలో యూట్యూబ్ మూతపడింది. అదే కాలంలో జెడ్ అన్న ఒక్క అక్షరం వెనక దాక్కున్న కార్టూనిస్టు ఒకరు ట్యూనిస్ సరస్సు గట్టున గల్ఫ్ పెట్టుబడులతో కట్టబోయే భవంతుల మీద బొమ్మలు గీసేవాడు. ఆ సరస్సుకు వచ్చే గులాబీరంగు రాజహంసలు అతని బొమ్మల్లో ఊరి తరఫున మాట్లాడేవి. అతనెవరో పట్టుకోలేక 2009 నవంబరులో ఫాత్మా అనే నాటకాల ఉపాధ్యాయురాలిని అనుమానం మీద కొన్ని రోజులు నిర్బంధించారు. అప్పుడు ఆమె కోసం మిగతా రాతగాళ్లంతా ఒక్కటై గొంతెత్తారు.

ఇదంతా లేకపోతే ఏమయ్యేదో చెప్పడానికి సాక్ష్యం ఉంది. 2008 జనవరిలో గఫ్సా ఫాస్ఫేటు గనుల దగ్గర రెదయెఫ్ పట్టణంలో ఉద్యోగాల ఎంపికలో అక్రమాలు జరిగాయని జనం తిరగబడ్డారు. ఆరు నెలలు పోరాడారు. కాల్పులు, అరెస్టులు, హింసలు జరిగాయి. ట్యూనిస్‌లో చాలామందికి ఆ సంగతే చేరలేదు. 2010 డిసెంబరు 17న సిది బూజిద్‌లో తోపుడుబండి మీద పండ్లు, కూరలు అమ్ముకునే మొహమ్మద్ బువాజీజీ, సరుకు లాక్కున్నారన్న అవమానం భరించలేక ఒంటికి నిప్పంటించుకున్నాడు. రెదయెఫ్ లోనూ ఇక్కడా కడుపుమంట ఒక్కటే, పేదరికం ఒక్కటే. కానీ ఈలోగా ఫేస్‌బుక్ వాడేవాళ్లు సుమారు 20 లక్షలకు పెరిగారు. ఆ రోజు సిది బూజిద్‌లో తీసిన వీడియో ఆ సాయంత్రానికే దేశమంతా తిరిగింది. అయితే దాన్ని ఫేస్‌బుక్ విప్లవం అని పిలవడం నాకు నచ్చదు. వీధుల్లో నిలబడి ఛాతీ చూపించింది కస్రీన్, తాలా కుర్రవాళ్లు. ఆఫీసు తలుపులు తెరిచి పెట్టింది కార్మిక సంఘాల స్థానిక శాఖలు. నల్లకోట్లతో వీధుల్లోకి వచ్చింది లాయర్లు. ఇంటర్నెట్ ఇచ్చింది నమ్మకం. ముక్కూ మొహం తెలియనివాడు పెట్టిన వీడియోను ఎవరూ నమ్మరు. నాలుగేళ్లుగా వాళ్ల వీధి లబ్లాబీ గురించీ, లువాజ్ ఆలస్యం గురించీ చదువుతున్న మనిషి పెడితే నమ్ముతారు.

అలా నమ్మదగిన మనిషి లీనా బెన్ మెన్ని. 1983లో పుట్టింది. విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చెప్పేది. తండ్రి సాదోక్ బుర్గీబా కాలంలో జైలుకు వెళ్లిన వామపక్షవాది. లూపస్ జబ్బుతో మూత్రపిండాలు దెబ్బతింటే 2007లో తల్లి తన మూత్రపిండం ఇచ్చి బిడ్డను బతికించుకుంది. అలాంటి అమ్మాయి మందులు సంచిలో వేసుకుని 2011 జనవరిలో సిది బూజిద్, రెగేబ్, కస్రీన్ తిరిగింది. కాల్పుల్లో చనిపోయినవాళ్ల ఇళ్లకు, ఆస్పత్రులకు వెళ్లి ఫోటోలు తీసి, అరబ్బీలో, ఫ్రెంచిలో, ఇంగ్లీషులో రాసి, సొంత పేరుతోనే, ట్యునీషియా అమ్మాయి అన్న శీర్షిక కింద ప్రపంచానికి చూపించింది. చాలామంది మారుపేర్ల వెనక ఉన్న కాలంలో సొంత పేరు పెట్టుకోవడం ఎంత పెద్ద సాహసమో ఊహించండి.

ఆ రోజుల్లోనే ప్రభుత్వం జనం ఫేస్‌బుక్ పాస్‌వర్డులు దొంగిలించి పేజీలు చెరిపేయడం మొదలుపెట్టింది. జనవరి 6న స్లిమ్ అమామూను మళ్లీ పట్టుకెళ్లారు. అతని ఫోనులోని ఒక యాప్ అతను ఎక్కడున్నాడో చూపించింది: అంతర్గత వ్యవహారాల మంత్రిత్వశాఖలో. స్నేహితులకు ఆచూకీ అలా తెలిసింది. 13వ తేదీ రాత్రి బెన్ అలీ మొదటిసారి దారిజాలో జాతినుద్దేశించి మాట్లాడాడు, మీరు చెప్పింది అర్థమైందన్నాడు, ఇంటర్నెట్ తెరుస్తానన్నాడు. ఆ రాత్రే యూట్యూబ్ తెరుచుకుంది. ఇరవై మూడేళ్లు గ్రాంథికంలో మాట్లాడిన మనిషి చివరికి జనం భాషలోకి దిగాడు. అప్పటికే ఆలస్యమైంది. మర్నాడే వెళ్లిపోయాడు. స్లిమ్ విడుదలైన కొద్ది రోజులకే యువజన శాఖ సహాయమంత్రి అయ్యాడు, మే నెలలో రాజీనామా చేశాడు.

ఆ జనవరి ఫోటోల్లో ఒకటి చాలామందికి గుర్తుంటుంది. పోలీసుల వరస ముందు ఒక మనిషి పొడుగు రొట్టెను తుపాకిలా గురిపెట్టాడు. ఆ బొమ్మలోంచే నెట్‌లో కెప్టెన్ ఖుబ్జా అనే హాస్యవీరుడు పుట్టాడు. అంటే రొట్టె కెప్టెన్. తరువాతి ప్రభుత్వాలను ఆటపట్టించడం అతని పని.

స్వేచ్ఛ వచ్చాక లీనాకు బెదిరింపులు పెరిగాయి, పోలీసు రక్షణలో బతకాల్సి వచ్చింది. అయినా ఆగలేదు. తండ్రితో కలిసి జైళ్లలోని గ్రంథాలయాల కోసం వేలకొద్దీ పుస్తకాలు సేకరించింది. 2020 జనవరి 27న, 36 ఏళ్ల వయసులో చనిపోయింది. ఆమె శవపేటికను ఆడవాళ్లే మోశారు. అది అక్కడి ఆచారం కాదు. ఆమెతో పాటు నడిచినవాళ్లు కావాలనే అలా చేశారు.

ఇప్పటి పరిస్థితి చెప్పకుండా ముగించలేను. 2021 జూలై 25న అధ్యక్షుడు కైస్ సయీద్ పార్లమెంటును స్తంభింపజేశాడు. 2022 సెప్టెంబరు 13న డిక్రీ 54 వచ్చింది. నెట్‌లో అబద్ధపు వార్తలు, వదంతులు వ్యాపింపజేస్తే అయిదేళ్ల వరకు జైలు, 50 వేల దినార్ల జరిమానా. ఆ మాటలు ప్రభుత్వ అధికారి మీదైతే శిక్ష రెట్టింపు. ఆ డిక్రీ కింద పాత్రికేయులు, లాయర్లు కోర్టుల చుట్టూ తిరిగారు, కొందరు జైలు పాలయ్యారు. 2002లో జుహైర్ యహ్యావి మీద మోపిన నేరం కూడా అబద్ధపు వార్తలే. 2023 వేసవిలో గోధుమల కొరతతో దేశమంతా బేకరీల ముందు బారులు తీరాయి. పాలు, చక్కెర, కాఫీ పొడి కూడా అంతకుముందే కరువయ్యాయి. మా వీధిలో రొట్టె లేదు అని ఒక గృహిణి ఫోనులో రాసుకునే ముందు రెండుసార్లు ఆలోచించాల్సిన రోజు మళ్లీ వచ్చింది. నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టేది ఇదే. పెద్ద రచయితలు ఎలాగో రాస్తారు. భయం ముందు కమ్మేది ఈ చిన్న మాటలనే. వీధి కబురు ఆగిపోతే పక్క ఊళ్లో ఏం జరిగిందో నమ్మకంగా చెప్పే మనిషి మిగలడు. రెదయెఫ్‌లో జరిగింది అదే.

డిక్రీ 54ను ఎత్తేయాలని ట్యునీషియా పాత్రికేయుల సంఘం, హక్కుల సంఘాలు అడుగుతూనే ఉన్నాయి. నవాత్ రాస్తూనే ఉంది.